కింద ఎవరున్నారు?

కొబ్బరి చెట్టు మీదున్న మనిషికి నేల సరిగా కనపడదు. కమ్మలు అడ్డం వస్తాయి. అందుకని గెల మీద కత్తి పెట్టే ముందు అరుస్తాడు.

“కిందెవరు?”

కింద నిలబడ్డవాడు నాలుగు వైపులా చూస్తాడు. నీళ్లు పారే బోదె గట్టు మీద ఎవరూ నడవడం లేదు. కాయలు ఏరే ఆడవాళ్లు దూరంగా ఉన్నారు. మేకలు లేవు. అప్పుడు జవాబిస్తాడు.

“ఎవరూ లేరు. కొట్టు!”

జవాబు రానిదే కత్తి కదలదు. ఎవరూ లేరని చెప్పడానికి కింద ఒక మనిషి ఉండాలి.

ఏడుకొండలు ఇరవై ఒక్క ఏళ్లుగా పైనుంచి అడుగుతున్నాడు. తాతారావు తొమ్మిదేళ్లుగా కిందనుంచి జవాబిస్తున్నాడు. అంతకు ముందు తాతారావు కూడా ఎక్కేవాడు. మోకాలు పోయాక మానేశాడు. కలిసి పనిచేసే ముఠా ఆయన్ని మాన్పించలేదు. కింద నిలబడి చూడ్డానికి మోకాలితో పనిలేదు.

అంబాజీపేటకి నాలుగు కిలోమీటర్ల దూరంలో వాళ్ల ఊరు. చెట్లెక్కి కాయలు దింపే పనిని అక్కడ దింపు అంటారు. ఒక తోటకి నలభై అయిదు రోజులకోసారి దింపు వస్తుంది. ఏడుకొండలు తన బతుకుని కూడా దింపులతోనే కొలుస్తాడు. పెళ్లి ఫలానా రైతు దింపు మర్నాడు. కూతురు పుట్టింది ఇంకో తోటలో దింపు జరుగుతుండగా. అలాగే ఈ కథ మొదలయింది కార్తీకంలో, మాణిక్యాలరావుగారి తోటలో, పన్నెండో చెట్టు దగ్గర.

ఆ రోజు ఏడుకొండలు పన్నెండో చెట్టెక్కాడు. కత్తి తీశాడు. “కిందెవరు?” అన్నాడు.

“ఎవరూ లేరు. కొట్టు!”

కొట్టలేదు.

“ఎవరూ లేరురా అబ్బాయ్, కొట్టు!”

పైన చప్పుడు లేదు. తాతారావు తల వెనక్కి వాల్చి చూశాడు. తెల్లదోమ పట్టి నల్లబడ్డ కమ్మల మధ్య రెండు పాదాలు కనిపించాయి. చాలాసేపు అవి కదల్లేదు. తర్వాత నెమ్మదిగా కిందికి రావడం మొదలుపెట్టాయి.

చచ్చిపోవాలనే ఆలోచన ఏడుకొండలుకి నాలుగు నెలలుగా వస్తోంది. మొదట తెల్లవారుజామున, లేవబోయే ముందు వచ్చేది. తర్వాత అన్నం ముందు కూర్చున్నప్పుడు. తర్వాత ఎప్పుడు పడితే అప్పుడు. ఇన్నాళ్లూ చెట్టు మీద మాత్రం రాలేదు. చెట్టు మీద అతనికి పని తప్ప ఇంకొకటి గుర్తుండేది కాదు. ఆ రోజు అక్కడికీ వచ్చింది. ఇంతకు మించి దాని గురించి చెప్పవలసింది లేదు. చెప్పవలసింది, అతను దిగివచ్చాడన్నది.

గెల కోయకుండా దిగడం ఆ పనిలో లేదు. తాతారావు నోరు తెరిచి ఏదో అనబోయాడు. ఏడుకొండలు నేల మీద కూర్చుని కాళ్లకున్న బందం విప్పాడు. ఎక్కేటప్పుడు రెండు పాదాలనీ కలిపి పట్టి ఉంచే కట్టు అది. ఎవరి బందం వాళ్లే కట్టుకుంటారు, ఎవరి ఇంటి చూరుకి వాళ్లే వేలాడదీస్తారు. ఒకరిది ఇంకొకరు వేసుకోరు. బందం లేనివాడు చెట్టు జోలికి పోడు.

దాన్ని తీసుకెళ్లి తాతారావు చేతిలో పెట్టాడు.

“మీ ఇంట్లో ఉంచండి బాబాయ్. నేనడిగినా ఇవ్వకండి.”

ఆ ముఠాలో బందం అప్పగించడానికి ఒకటే అర్థం. నేను మీతో పనిచేయను, ఇంకో ముఠాలోకి వెళ్తున్నాను అని. అలా వెళ్లేవాడు మాటలతో చెప్పడు. చెబితే బాగుండదు. పెద్దవాడి చేతిలో బందం పెట్టి, కొత్త చోట కొత్తది కట్టుకుంటాడు.

తాతారావు ముఖం మారిపోయింది.

“మలికిపురం వాళ్లు పిలుస్తున్నారని విన్నాను. ఎల్తున్నావన్నమాట.”

ఏడుకొండలు చెప్పవలసిన మాట వేరే ఉంది. ఆ మాట కోసం నాలుగు నెలలుగా వెతుకుతున్నాడు. దొరకలేదు. పెద్దవాళ్లేదైనా అన్నప్పుడు అవునంటూ చిన్నప్పట్నించీ అనే మాట ఒకటి ఉంది. అదే వచ్చింది.

“ఆయ్.”

అని తువ్వాలు భుజాన వేసుకుని ఇంటికి వెళ్లిపోయాడు.

సాయంత్రానికల్లా ఊరంతా తెలిసింది, ఏడుకొండలు ముఠా మారాడని. ఇరవై ఒక్క ఏళ్లు కలిసి తిన్నవాళ్లు ఆ రోజూ మర్నాడూ అతని గుమ్మం ముందునుంచి ముఖం తిప్పుకుని వెళ్లారు. మనుషులు కావలసిన రెండు రోజుల్లో ఒక్క మనిషీ రాలేదు. అతను మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. భార్య వీరలక్ష్మి కొబ్బరి డొక్కల నుంచి పీచు తీసే మిల్లులో పనికి వెళ్లి వచ్చింది. రెండో రోజు సాయంత్రం చూరు కింద చూసింది. కొక్కెం ఖాళీగా ఉంది.

“మావా, బందం ఏది?”

“తాతారావు బాబాయికి ఇచ్చేను.”

“మలికిపురం మాట నిజమేనా అయితే?”

“కాదు.”

“మరి?”

అతను గోడవైపునుంచి ఆమె వైపు తిరిగాడు. తర్వాత చెప్పాడు. రెండు ముక్కల్లో చెప్పాడు. ఆమె చేతిలో చాట ఉంది. దాన్ని కింద పెట్టింది. ఏడవలేదు. మంచం పట్టె మీద కూర్చుంది.

“ఎన్నాళ్లయింది?”

“నాలుగు నెలలు.”

“నాలుగు నెలలూ నా పక్కనే పడుకుని చెప్పలేదు.”

“ఎలా చెప్పాలో తెలీలేదు.”

“ఇప్పుడు చెప్పేవు కదా. అలాగే.”

ఆ రాత్రి ఆమె దీపం ఆర్పలేదు. అతని చెయ్యి వదల్లేదు.

తెల్లవారి ఏడింటికి తాతారావు వచ్చాడు. మోకాలు ఈడ్చుకుంటూ, వేగంగా. వెనక దుర్గారావు ఉన్నాడు. దుర్గారావు కూడా ముఠాలో చెట్లెక్కేవాడే. ముప్ఫై దాటలేదు, మాటకి ముందు నవ్వు. అసలు పేరు సత్యదుర్గారావు, అంత పొడుగు పేరు పిలిచే తీరిక ఎవరికీ లేదు. పక్క ఇళ్లవాళ్లు కూడా గుమ్మాల్లోకి వచ్చారు.

తాతారావు బందాన్ని వాకిట్లో విసిరేశాడు.

“నీది నా ఇంట్లో ఎందుకూ? మలికిపురం పట్టుకుపో. కొత్తది కట్టుకునే ఓపిక కూడా లేదా నీకు?”

“కొత్త ముఠావాళ్లు కట్టి ఇస్తారేమో బాబాయ్, అల్లుడుగారికి పెట్టినట్టు” అన్నాడు దుర్గారావు.

ఏడుకొండలు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. తనకి అందకుండా ఉంచమని ఇచ్చింది తిరిగి తన కాళ్ల దగ్గరికే వచ్చింది. ఇప్పుడు ‘ఆయ్’ అంటే తాతారావు వెళ్లిపోతాడు. బందం ఇక్కడే ఉంటుంది. అది అతనికి స్పష్టంగా తెలిసింది. చాలాకాలం తర్వాత స్పష్టంగా తెలిసిన మొదటి సంగతి అదే.

“మలికిపురం లేదు, ఏమీ లేదు” అన్నాడు. గొంతు పెద్దదే వచ్చింది, చెట్టు మీదనుంచి అరిచే గొంతు. “నాకు చచ్చిపోవాలనిపిస్తోంది బాబాయ్. నాలుగు నెలల్నించి. మొన్న చెట్టు మీద కూడా అనిపించింది. అందుకే ఇచ్చేను. పట్టుకెళ్లండి.”

దుర్గారావు ముఖం మీద సగం నవ్వు అలాగే ఉండిపోయింది. దాన్నేం చేయాలో అతనికి తెలియలేదు.

తాతారావు వంగాడు. మోకాలు సహకరించలేదు. రెండోసారి వంగి బందం తీసుకున్నాడు. మట్టి దులిపాడు. చంకలో పెట్టుకున్నాడు. వెళ్లి అరుగు మీద కూర్చున్నాడు.

“వీరలక్ష్మీ, టీ పెట్టమ్మా” అన్నాడు. కాసేపటికి, “మొన్న నీ మొహం చూసేను. చూసి కూడా మలికిపురం అనుకున్నాను. నా బుర్ర తగలెయ్య” అన్నాడు.

అప్పుడు వీధి లోపలికి వచ్చింది. ఒక్కొక్కరూ ఒక్కో ప్రశ్న పట్టుకొచ్చారు. అప్పులున్నాయా? లేవు. తాగుతున్నాడా? లేదు. ఒంట్లో ఏదైనా పెద్ద జబ్బా? లేదు. ఇంట్లో గొడవలా? దానికి వీరలక్ష్మి జవాబు చెప్పింది. “ఉన్నాయి పిన్నీ, అందరిళ్లల్లో ఉన్నన్నే.”

“మరింకేం కష్టం నాయనా? కారణం లేకుండా ఎవరైనా అలా అనుకుంటారా?”

ఏడుకొండలు తల ఎత్తాడు. “కారణం దొరికితే ఈపాటికి ఎక్కి దింపేసేవాణ్ణి కదండీ. దొరకట్లేదు. అయినా ఉంది. కారణం చెబితేనే నమ్ముతామంటే మీ ఇష్టం.”

“మురమళ్ళ వెళ్లి స్వామికి కల్యాణం చేయించండి. అన్నీ సర్దుకుంటాయి” అంది పక్కింటామె.

“మురమళ్ళా వెళ్తాం పిన్నీ, అమలాపురం పెద్దాసుపత్రికీ వెళ్తాం” అంది వీరలక్ష్మి. “ముందు అమలాపురం.”

ఆ మాటకి దారి చూపించింది సుప్రియ. ఆ ఊరి ఆశా కార్యకర్త. పిల్లల టీకాల పుస్తకం చేతిలో పట్టుకుని అటుగా వెళ్తూ, గుంపు చూసి ఆగింది. అందర్నీ ఇళ్లకి పంపింది. పంపడానికి ఆమె దగ్గర ఒక గొంతు ఉంది. తర్వాత తన ఫోనులో 14416 నొక్కి ఏడుకొండలు చేతికిచ్చింది.

“మనసు బాగోనప్పుడు మాట్లాడ్డానికి గవర్నమెంటువాళ్లు పెట్టిన నంబరండి. డబ్బులేం అవ్వవు. రాత్రయినా పగలయినా తీస్తారు. తెలుగులోనే మాట్లాడతారు.”

“ఏం చెప్పాలి?”

“వాకిట్లో తాతారావుగారికి చెప్పేరు చూడండి. అదే.”

అవతల ఒకావిడ మాట్లాడింది. ఆమె ఊరేదో అతను అడగలేదు, అతని కులమేదో ఆమె అడగలేదు. ఇప్పుడు ఎక్కడున్నారు, పక్కన ఎవరున్నారు అని అడిగింది. భార్య ఉంది, బాబాయి ఉన్నారు అన్నాడు. చెట్లెక్కే సామాను ఎక్కడుంది అని అడిగింది. బాబాయి చంకలో ఉందన్నాడు. “మంచిపని చేశారు” అంది. నాలుగు నెలల్లో అతను చేసినదాన్ని ఎవరైనా మంచిపని అనడం అదే మొదలు.

ఆ రోజే అమలాపురం బస్సెక్కారు ముగ్గురూ. తాతారావుని రానక్కర్లేదన్నారు. వచ్చాడు. పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుడి గది బయట బల్ల మీద పది మంది ఉన్నారు. ఒకాయన ముఖానికి తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాడు. పక్క ఊరి రైతు. ఏడుకొండలు ఆయన తోటలో రెండుసార్లు దింపు తీశాడు. గుర్తుపట్టనట్టు ఊరుకోవచ్చు. ఊరుకోలేదు.

“బాగున్నారాండీ” అన్నాడు.

ఆయన తువ్వాలు లోపలినుంచి ఉలిక్కిపడ్డాడు. “నువ్వెందుకొచ్చేవు?”

“మీరెందుకొచ్చారో అందుకేనండి.”

తువ్వాలు కొంచెం కిందికి జరిగింది. ముక్కు కనిపించింది. అంతవరకే.

డాక్టరుగారు చిన్నది. వీరలక్ష్మి కన్నా చిన్నది. ఆమె చుట్టూ తిప్పి అడగలేదు. సూటిగా అడిగింది. అతను సూటిగా చెప్పాడు. ఇది జబ్బేనని, మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందని, ఈలోగా చెట్టెక్కవద్దని, ఒంటరిగా ఉండవద్దని చెప్పింది. వారానికోసారి వచ్చి మాట్లాడమంది. తాతారావు గుమ్మం దగ్గరే నిలబడి ఒక ప్రశ్న దాచుకున్నాడు. చివరికి అడిగాడు.

“మేం రోజూ వీణ్ణి అడగొచ్చాండీ, ఆ ఆలోచన ఉందా అని? అడిగితే లేనిది పుట్టించినట్టు అవుతుందేమో?”

“అడిగితే పుట్టదండి. అడిగితే మోసేవాళ్లు ఇద్దరవుతారు. అడగండి.”

అలా అడగడం మొదలయింది.

ప్రతి ఉదయం పనికి బయల్దేరే ముందు ఏడుకొండలు తాతారావు ఇంటికి వెళ్తాడు. తాతారావు వేపపుల్ల నోట్లోంచి తీసి అడుగుతాడు. “ఉందా?” ఏడుకొండలు ఉన్నది ఉన్నట్టు చెబుతాడు. “ఉంది.” “అయితే కింద ఉండు.” అంతే. కింద ఉండి కాయలు పోగు చేస్తాడు, ఒలుస్తాడు. కూలి తక్కువ. ఆ తగ్గింది ఎంతో ఇంట్లో ఎవరూ పైకి అనలేదు.

మొదటి మూడు వారాలూ మందులకి నోరెండిపోయేది. నిద్ర ఎక్కువ. “ఇవి మింగి ఏం లాభం” అన్నాడొకసారి. “మింగు. లాభం సంగతి నేను చూస్తాను” అంది వీరలక్ష్మి. నాలుగో వారంలో ఒక పొద్దున అతను చేపల పులుసులో ఉప్పు తక్కువైందన్నాడు. ఆమె వంటింట్లోకి వెళ్లి గోడకానుకుని నిలబడింది. ఉప్పు గురించి అతను మాట్లాడి అయిదు నెలలయింది.

ఏడుకొండలు వాకిట్లో చెప్పిన మాట మాణిక్యాలరావుగారికీ చేరింది. ఉన్న రైతు, ఊళ్లో ఆయన మాటకి బరువుంది. తర్వాతి దింపుకి ముఠా వెళ్లేసరికి తోట గేటు దగ్గర స్కూటరు అడ్డం పెట్టి నిలబడ్డాడు.

“మీరంతా రండి. ఏడుకొండలు వద్దు. మతి సరిగా లేనివాణ్ణి తోటలోకి రానిచ్చి, రేపేదైనా అయితే నేను తిరగాలా స్టేషన్ చుట్టూ?”

“ఆడు ఎక్కట్లేదండి. కింద పని” అన్నాడు తాతారావు.

“కిందయినా వద్దు. ఊరికే చెడ్డపేరు. చెప్పుకోవడమేంటండీ అసలు, వీధిలో నిలబడి? సిగ్గుండాలి కదా మనిషికి.”

ఏడుకొండలు ముందుకు వచ్చాడు. “చెప్పుకోకుండా పోయుంటే మీ తోటలోనే పోయేవాణ్ణండి. పన్నెండో చెట్టు దగ్గర. చెప్పుకున్నాను కాబట్టి నిలబడి మాట్లాడుతున్నాను. సిగ్గు నాకెందుకండీ?”

మాణిక్యాలరావుగారు స్కూటరు తీయలేదు.

అప్పుడు దుర్గారావు కదిలాడు. భుజాన ఉన్న తన బందం తీసి తాతారావు చేతికి ఇచ్చాడు. నవ్వడం లేదు. రెండోవాడు ఇచ్చాడు. మూడోవాడు ఇచ్చాడు. తాతారావు చేతులు నిండిపోయాయి.

“మేం మలికిపురం వెళ్లట్లేదండి, కంగారుపడకండి” అన్నాడు దుర్గారావు. “టీకి వెళ్తున్నాం.”

పద్నాలుగు రోజులు ఎవరూ ఆ తోటలోకి వెళ్లలేదు. వేరే ముఠాని పిలిపిస్తే, సంగతి విని వాళ్లూ రాలేదు. ముదిరిన కాయలు వాటంతటవే బోదెల్లో రాలుతుంటే ఆ చప్పుడు వీధిలోకి వినిపించేది. పదిహేనో రోజు పొద్దున్నే స్కూటరు తాతారావు ఇంటి ముందు ఆగింది. మాణిక్యాలరావుగారు దిగలేదు.

“రండి” అన్నాడు.

“ఎవరెవరం?”

ఆయన హ్యాండిల్ వైపు చూస్తూ, “అందరూనయ్యా” అన్నాడు.

ఆ పద్నాలుగు రోజుల్లో ఒక కొత్త అలవాటు వచ్చింది. ఇచ్చిన బందాలు ఎవరూ వెనక్కి తీసుకోలేదు. తాతారావు తన వసారా గోడకి వరసగా మేకులు కొట్టాడు. ముఠాలో అందరి బందాలూ ఇప్పుడు అక్కడే ఉంటాయి. సాయంత్రం అక్కడ తగిలించి ఇంటికి వెళ్తారు. పొద్దున వచ్చి అడిగించుకుని తీసుకుంటారు. అడగడం ఒక్క ఏడుకొండల్నే కాదు, అందర్నీ. మొదట్లో నవ్వుకున్నారు. “ఉందా?” అంటే “ఆకలి ఉంది బాబాయ్” అనేవారు. తాతారావు నవ్వేవాడు కాదు, మళ్లీ అడిగేవాడు. మేకుల పైన గోడ మీద ఏడుకొండలు నీలం రంగుతో 14416 అని రాశాడు. అంకెలు వంకరగా వచ్చాయి. దూరానికి కనిపిస్తాయి.

ఒక పొద్దున దుర్గారావు వచ్చి మేకు వైపు చెయ్యి చాచి, మళ్లీ చెయ్యి దించుకున్నాడు.

“ఇవాళ నాకొద్దు బాబాయ్.”

ఎవరూ ఎందుకని అడగలేదు. ఏడుకొండలు అతని పక్కకి వెళ్లి నిలబడ్డాడు. ఇద్దరూ ఆ రోజు కింద కాయలు ఒలిచారు. మధ్యాహ్నం దుర్గారావు తనంతట తానే మాట్లాడాడు. చాలాసేపు మాట్లాడాడు. ఏం మాట్లాడాడన్నది అతనిది. మర్నాడు ఇద్దరూ కలిసి బస్సెక్కారు.

ఇప్పటికి ఎనిమిది దింపులయ్యాయి. ఏడుకొండలు మందులు వేసుకుంటూనే ఉన్నాడు. డాక్టరుగారు సరేనన్నాక మళ్లీ ఎక్కుతున్నాడు. ఎక్కువ రోజులు ‘లేదు’ అనే చెబుతాడు. ‘లేదు’ అన్నప్పుడు తాతారావు బందం తీసి ఇస్తాడు, చేతికి ఇచ్చేముందు ఒకసారి ముడి లాగి చూస్తాడు.

మళ్లీ కార్తీకం వచ్చింది. మాణిక్యాలరావుగారి తోటలో దింపు. ఆ రోజు తాతారావు ఇంటి దగ్గర కాదు, గేటు దగ్గర అడిగాడు. బందాలన్నీ భుజాన వేసుకుని వచ్చాడు, ఇంటి దగ్గర ఆలస్యమయింది. మాణిక్యాలరావుగారు స్కూటరు మీద కూర్చుని వింటున్నాడు.

“ఉందా?”

“ఉంది బాబాయ్. రాత్రి నించి కొంచెం” అన్నాడు ఏడుకొండలు. గొంతు తగ్గించలేదు.

మాణిక్యాలరావుగారు ఇబ్బందిగా కదిలాడు. “ఏడాదయింది కదయ్యా. ఇంకా పోలేదా అది?”

“పోలేదండి. అదీ ఉంది, నేనూ ఉన్నాను. చూద్దాం.”

అని వీరలక్ష్మికి ఫోను చేసి ఆ మాటే చెప్పాడు. “సాయంత్రం తొందరగా వస్తాను” అంది ఆమె. అతను తువ్వాలు తలకి చుట్టి తోటలోకి నడిచాడు. తాతారావు ఆ రోజు తన చోటు అతనికిచ్చి, గట్టు మీద కూర్చున్నాడు.

పన్నెండో చెట్టు దుర్గారావు ఎక్కాడు. కమ్మల మధ్య కత్తి మెరిసింది.

“కిందెవరు?”

ఏడుకొండలు నాలుగు వైపులా చూశాడు. బోదె గట్టు ఖాళీగా ఉంది. ఆడవాళ్లు దూరంగా ఉన్నారు. మేకలు లేవు.

“నేనున్నాను!”

“నువ్వుంటే నాకేంటి? తప్పుకుంటావా, నెత్తిన పడెయ్యనా?”

“నేను పక్కకే ఉన్నాలేరా! ఇంకెవరూ లేరు. కొట్టు!”

మొదటి గెల నేలని తాకింది. అతను దాని వైపు నడిచాడు.